బిడ్డ ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక మనసులు కుదుటపడాలంటే

డిశ్చార్జి కాగితం చేతికి రాగానే గండం గడిచిందనుకుంటాం. చాలా ఇళ్లలో బెంగ అప్పుడే బయటపడుతుంది. కుక్కర్ విజిల్ వేసినా మానిటర్ మోగినట్టు గుండె దడదడలాడుతుంది. రాత్రి నాలుగైదుసార్లు లేచి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారు. ఇది పిచ్చి కాదు, మనసు ఇంకా కాపలా కాస్తోంది, అంతే. ఆ కాపలా పంచుకోండి: రెండింటిదాకా ఒకరు, తర్వాత ఇంకొకరు. నిద్ర చాలకపోతే భయం ఇంకా ముదురుతుంది.

ఐసీయూలో ఉండగానే ఒక నోట్‌బుక్ పెట్టండి. రోజుకు మూడు వాక్యాలు చాలు: తేదీ, ఏ గొట్టం తీశారు, ఎవరొచ్చారు. జబ్బు, మత్తుమందుల వల్ల పిల్లలకు జ్ఞాపకాలు ముక్కలుగా, ఒక్కోసారి పీడకలల్లా మిగులుతాయి. "నన్ను కట్టేశారు" అని ఏడిస్తే "అదేం లేదు" అని కొట్టిపారేయొద్దు. "గొట్టం లాగేసుకోకుండా చేతికి పట్టీ కట్టారు నాన్నా. ఇప్పుడు తీసేశారుగా, చూడు" అంటూ ఆ పేజీ చదివి వినిపించండి. అడిగినన్నిసార్లూ చెప్పాలి.

అమ్మమ్మ ఇంట్లో వదిలిన పెద్దపిల్లను మరవకండి. తను కొట్టడం వల్లే తమ్ముడికి జబ్బు చేసిందని లోలోపల కుమిలిపోతుండొచ్చు. "నీ తప్పు కాదు" అని నోరు తెరిచి చెప్పండి.

నెల దాటినా నిద్ర పట్టకపోయినా, బిడ్డను ఉంచిన ఆసుపత్రి, అంటే హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి లాంటి చోటి వైపు వెళ్లలేక దారి మార్చుకుంటున్నా సాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు వినగానే జంకుతారు గానీ, అక్కడి ఓపీకి నిద్ర పట్టనివాళ్లూ వెళ్తారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం నెల ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.