ట్యూబ్ యాంప్‌కి ఏ హెడ్‌ఫోన్ నప్పుతుందో ముందే తేల్చుకోండిలా

చిన్న హైబ్రిడ్ ట్యూబ్ యాంప్‌కి (ట్యూబులూ ట్రాన్సిస్టర్లూ కలిపి వాడే యాంప్లిఫయర్) 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే బేస్ ఉబ్బిపోయి, పాట బురదలో నడిచినట్టు ఉండేది. ట్యూబులు మార్చి చూశా, దండగ. అసలు చూడాల్సింది యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్ లోపల కరెంటుకి ఎదురయ్యే నిరోధం. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌తో పోలిస్తే అది ఎక్కువైతే బేస్ ఇలా ఉబ్బొచ్చు.

దాన్ని మల్టీమీటర్‌తో పట్టేయొచ్చు. ఫోన్‌లో 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తీసేసి, జాక్ దగ్గర ఏసీ వోల్టేజీ సుమారు 0.5 వచ్చేలా వాల్యూమ్ తిప్పండి. వాల్యూమ్ కదపకుండా 33 ఓమ్‌ల రెసిస్టర్‌ని జాక్‌లో కొలుస్తున్న ఆ రెండు కొసల మధ్య (ఒక చానెల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య) తగిలించి మళ్లీ చూడండి. నాకు 0.5 కాస్తా 0.4కి పడింది. 0.5ని 0.4తో భాగించి, 1 తీసేసి, 33తో గుణిస్తే 8.25 ఓమ్‌లు. దానికి ఎనిమిది రెట్లు, అంటే 66 దాటిన హెడ్‌ఫోన్ అయితే నిశ్చింత. ఇప్పుడు 150 ఓమ్‌లది వాడుతున్నా, బేస్ బిగువుగా ఉంది.

ప్లేనార్ హెడ్‌ఫోన్లకు (చదునైన పలుచని పొర కంపించి శబ్దం ఇచ్చేవి) ఈ లెక్క అంతగా పట్టింపు లేదు, వాటి ఇంపెడెన్స్ దాదాపు అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకటే. సున్నితమైన ఇయర్‌ఫోన్లకు మాత్రం లెక్క కుదిరినా వెనక బుస్సుమనే శబ్దం వినిపించొచ్చు, అది దీంతో పోదు. బ్యాలెన్స్‌డ్ జాక్ (రెండు చెవులకూ ఉమ్మడి గ్రౌండ్ లేకుండా వేర్వేరు తీగలుండేది) మీద ఇలా కొలవకండి.