రిటైరైన పోలీసును సెక్యూరిటీ ఇన్‌చార్జిగా పెట్టుకునే ముందు: బెంగళూరు అపార్ట్‌మెంట్ కమిటీలకు

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపుర రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ కమిటీల్లో మన తెలుగువాళ్లు బాగానే ఉంటారు. సెక్యూరిటీ ఇన్‌చార్జి కావాలనగానే అనంతపురం నుంచో చిత్తూరు నుంచో ఎవరో ఒక రిటైరైన ఏఎస్సై పేరు చెబుతారు. "స్టేషన్లో ఆయన మాట చెల్లుతుంది" అన్నది పెద్ద అర్హత. ఆ పలుకుబడి ఉన్నా ఆయన పనిచేసిన ఊళ్లోనే ఉంటుంది, ఇక్కడ పనికిరాదు. మీరు జీతమిచ్చేది రోల్‌కాల్, రిజిస్టరు, రాత్రి గస్తీ పద్ధతిగా నడిపించగల అలవాటుకి. మనిషిని చూసేటప్పుడు దాన్నే చూడండి.

ఆయన్ని వెతికే ముందు కింద ఎంతమంది ఉండాలో తేల్చుకోండి. ఒక గేటుకి 12 గంటల షిఫ్టులైతే వారానికి 14 షిఫ్టులు. వారానికో సెలవు ఇస్తే మనిషి చేసేది 6. అంటే ఒక గేటుకి ఇద్దరు చాలరు, మూడు గేట్లకు ఏడుగురు కావాలి. 8 గంటల షిఫ్టులైతే రెండు గేట్లకే ఏడుగురు. చాలా ఏజెన్సీలు గేటుకి ఇద్దరినే లెక్కగట్టి కొటేషన్ తక్కువ చూపిస్తాయి. రిలీవర్ (సెలవులో ఉన్నవాడి బదులు నిలబడేవాడు) ఉండడు, ఎవరో ఒకరు సెలవు పెడతారు, ఉన్నవాడే 24 గంటలు నిలబడతాడు, తెల్లవారుజామున మూడింటికి కుర్చీలో నిద్రపోతాడు. ఎంత గట్టి పోలీసైనా ఈ లెక్కను సరిచేయలేడు. కొటేషన్‌లో రిలీవర్లనీ ఓవర్‌టైమ్‌నీ విడిగా చూపించమనండి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం 15 మంది గార్డులకు మించకుండా ఒక సూపర్‌వైజర్ ఉండాలి.

తర్వాత వయసు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం ఏజెన్సీ పెట్టుకునే గార్డుకైనా సూపర్‌వైజర్‌కైనా 65 నిండి ఉండకూడదు. కర్ణాటకలో 60కి రిటైరవుతారు, తెలంగాణలో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 62కి. అంటే పూర్తి సర్వీసు చేసి ఆంధ్ర నుంచి వచ్చే ఆయన మీకు దొరికేది మహా అయితే మూడేళ్లు. అసోసియేషనే నేరుగా పెట్టుకుంటే ఏజెన్సీ చట్టం అడ్డు రాదు. కానీ గార్డులు ఏజెన్సీ వాళ్లు, ఇన్‌చార్జి మీ మనిషి అయితే ఎవరి మాట ఎవరు వినాలన్న పేచీ మొదటి నెలలోనే వస్తుంది. ఏజెన్సీ ద్వారా తీసుకోవడమే నయం. దాని లైసెన్సు కాగితం చదవండి: ఒక జిల్లాకా, అయిదు జిల్లాల వరకా, రాష్ట్రమంతటికా? హోసూరు ఏజెన్సీకి తమిళనాడు లైసెన్సు ఉంటే బెంగళూరులో చెల్లదు.

ఇప్పుడు కాగితాలు. పీపీఓ అంటే పింఛను పుస్తకం చూసి సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. అది చాలదు. శిక్షగా కంపల్సరీ రిటైర్మెంట్ ఇచ్చినా పింఛను వస్తుంది. అందుకే రిటైర్మెంట్ ఆర్డరు అడిగి, వయసు నిండి దిగారా, స్వచ్ఛందంగానా, బలవంతంగానా అన్నది చూడండి. 'ప్రొవిజనల్ పింఛను' (తాత్కాలిక పింఛను) అని కనబడి, గ్రాట్యుటీ ఇంకా రాలేదంటే డిపార్ట్‌మెంటల్ విచారణో కేసో నడుస్తుండవచ్చు. మొహమాటపడకుండా అడగండి. దుష్ప్రవర్తన మీద డిస్మిస్ అయినవారినీ, కోర్టు శిక్ష వేసినవారినీ తీసుకోవడం చట్టమే ఒప్పుకోదు.

పోలీసులంతా ఒకే పని చేసి ఉండరు. ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్), ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్), ఇక్కడి కేఎస్‌ఆర్‌పీ (కర్ణాటక స్టేట్ రిజర్వ్ పోలీస్) లాంటి సాయుధ దళాల నుంచి వచ్చినవారికి సెంట్రీ డ్యూటీ, షిఫ్టు మార్పిడి వెన్నతో పెట్టిన విద్య. సివిల్ వైపు, అంటే పోలీస్ స్టేషన్ల నుంచి వచ్చినవారికి జనంతో మాట్లాడటం, ఫిర్యాదు రాయడం వచ్చు. మా ఓటు స్టేషన్ రైటర్‌గా, అంటే స్టేషన్ రికార్డులు రాసే పని చేసినవారికి. గస్తీ రిజిస్టరులో 12:00, 1:00, 2:00 అని ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటే అది తెల్లవారి ఆరింటికి ఒక్క ఊపులో రాసిందని ఆయన చూడగానే పట్టేస్తారు. నిజంగా తిరిగినవాడి పుస్తకంలో 1:07, 2:12 లాంటి టైములుంటాయి. ఇంటర్వ్యూలో పాత రిజిస్టరు ఒకటి చేతికిచ్చి తప్పులు చూపించమనండి, పది ప్రశ్నల పెట్టు.

భాష కూడా చూసుకోండి. లోకల్ స్టేషన్‌తో కన్నడ, గార్డులతో హిందీ, ఫ్లాట్లవాళ్లలో సగం మందితో తెలుగు. బాగేపల్లి, చింతామణి, బళ్లారి వైపు కర్ణాటక పోలీసుల్లో తెలుగూ కన్నడా రెండూ వచ్చినవాళ్లు దొరుకుతారు.

తప్పనిసరి శిక్షణ కూడా ఉంది. కొత్తవారికి 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు. మాజీ పోలీసులకు 40, 16 గంటలు చాలు. "ముప్పై ఏళ్లు చేశాను, నాకెందుకు" అంటారు. ఎందుకంటే 2024 జులై 1 నుంచి క్రిమినల్ చట్టాలు మారాయి, ఆయన చేతిలో అధికారమూ లేదు. కళ్లెదుట నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాని), కాగ్నిజబుల్ (పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల) నేరం జరిగితే ఏ పౌరుడైనా నిందితుణ్ణి పట్టుకోవచ్చు. కానీ పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 40వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలో ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అంతకుమించి లేదు. గొలుసు పోయిందని పనిమనిషిని గార్డు గదిలో కూర్చోబెట్టి 'విచారిస్తే' అది అక్రమ నిర్బంధం, కేసు కమిటీ మీదికీ రావచ్చు. చేయాల్సింది 112కి ఫోన్, సీసీటీవీ ఫుటేజీ భద్రం చేయడం, అంతే. ఇది అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే రాయండి.

ఖాకీ మోజు ఇంకొకటి. పోలీసు యూనిఫారంలా కనిపించే డ్రెస్సు వేస్తే వేసుకున్నవారికీ, ఏజెన్సీ యజమానికీ ఏడాది వరకు జైలో, 5,000 రూపాయల వరకు జరిమానానో, రెండూనో పడతాయి.

జీతం మాట్లాడేటప్పుడు, ప్రైవేటు ఉద్యోగం వల్ల పింఛను ఆగదని చెప్పండి, కొందరికి ఆ భయం ఉంటుంది. పీఎఫ్ కడితే, 58 దాటినవారికి ఈపీఎస్ (పీఎఫ్‌లోని పింఛను పథకం) వాటా ఉండదు, యజమాని వాటా మొత్తం పీఎఫ్‌లోకే పోవాలి. ఏజెన్సీ బిల్లుతో పాటు పీఎఫ్ కట్టిన చలానా కూడా అడగండి. ఏటా మెడికల్ పరీక్ష ఉండాలి. ఈ వయసులో బీపీ, షుగరు, రాత్రిచూపు మరీ ముఖ్యం, కాబట్టి వరుసగా నైట్ డ్యూటీలు వేయొద్దు. వారానికి రెండు రాత్రులు, అదీ ముందుగా చెప్పకుండా తనిఖీకి వస్తే చాలు.

ఒప్పందం 11 నెలలకు రాసుకోండి. చివరి గడువు ఆయన 65వ పుట్టినరోజుకి ముందే ముగియాలి, నోటీసు 30 రోజులు. తాళాల జాబితా, డీవీఆర్ (సీసీటీవీ రికార్డర్) పాస్‌వర్డు, గార్డుల వెరిఫికేషన్ కాపీలు ఆయన ఒక్కరి ఫోన్లోనే ఉండనివ్వకండి, కమిటీ మెయిల్‌లో కూడా ఒక ప్రతి ఉంచండి.