ఎక్స్ఆర్‌డీ గ్రాఫ్ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో గీయడం ఎలా? (పీక్‌లకు పేర్లు పెట్టే ముందు ఇది చదవండి)

పౌడర్ ఎక్స్ఆర్‌డీ అంటే పొడి మీద ఎక్స్‌రేలు కొట్టి, గ్రాఫ్‌లో పైకి లేచే పీక్‌లను బట్టి అందులో ఏ మినరల్స్ ఉన్నాయో చెప్పే పరీక్ష. ఆ డేటా చేతికి రాగానే మన పిల్లోళ్లు చేసే మొదటి పని క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో అడుక్కోవడం. దాంతో పాటు వైరస్ కూడా వస్తుంది, అది వేరే సంగతి. అంత కర్మేం అవసరం లేదు. కడప, అనంతపురం, కర్నూలు దిక్కు ప్రాజెక్టులు చేసేవాళ్ల దగ్గరుండేవి సున్నపురాయి, ముగ్గురాయి, ఎర్రమట్టి, ఫ్లైయాష్ లాంటి శాంపిల్సే, వాటికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కావాల్సిన దానికంటే ఎక్కువే చేస్తుంది.

కావాల్సినవి

ప్రొఫెక్స్. అంతే. జీపీఎల్ లైసెన్స్, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ నడుస్తుంది, రీట్‌వెల్డ్ లెక్కలు (మినరల్స్ స్ట్రక్చర్ నుంచి గ్రాఫ్ లెక్కగట్టి మన డేటాతో సరిపోల్చే పద్ధతి, దీన్నే రిఫైన్‌మెంట్ అంటారు) చేసే బీజీఎంఎన్ దాంతోనే బండిల్‌లో వస్తుంది. జీఎస్ఏఎస్-2 కూడా ఓపెన్ సోర్సే, అమెరికాలో ఆర్గాన్ ల్యాబ్ వాళ్లది, శానా పవర్‌ఫుల్, కానీ మొదటిసారి తెరిచినోడు ఆ మెనూలు చూసి భయపడి మూసేస్తాడు, కాబట్టి ఇప్పుడే వద్దు. పీక్ ఫిట్టింగ్ (ఒక్కో పీక్‌కి గీత సరిపెట్టి కొలవడం) ఒక్కటే కావాలంటే ఫిటిక్ ఉంది. ఫుల్‌ప్రాఫ్, వెస్టా అనే సాఫ్ట్‌వేర్లు ఫ్రీగా దొరుకుతాయి గానీ ఓపెన్ సోర్స్ కాదు, రెండూ ఒకటే అనుకోవద్దు. మినరల్స్ స్ట్రక్చర్ ఫైళ్లకు సీఓడీ అనే ఓపెన్ డేటాబేస్ ఉంది, అందులోంచి సిఫ్ ఫైల్ (ఆ స్ట్రక్చర్ రాసుండే ఫైల్) డౌన్‌లోడ్ చేసుకుని ప్రొఫెక్స్‌లోకి ఇంపోర్ట్ చేయొచ్చు.

ఫైల్ తెరవడం

మెషిన్ ఇచ్చిన ఒరిజినల్ ఫైలే అడిగి తీసుకోండి, ఎక్స్ఆర్‌డీఎంఎల్, బీఆర్ఎంఎల్, రా, ఏదైనా సరే. ల్యాబ్ వాళ్లు ఎక్సెల్‌లో పెట్టి పంపిస్తామంటే వద్దనండి, పీడీఎఫ్ అంటే అసలే వద్దనండి. ప్రొఫెక్స్‌లో ఓపెన్ కొడితే గ్రాఫ్ వచ్చేస్తుంది. దీని గురించి రాయడానికి ఇంకేం లేదు.

అసలు తిప్పలు ఇక్కడ: ఎక్స్ యాక్సిస్‌ని నమ్మొచ్చా?

గ్రాఫ్ రాగానే ఏ పీక్ ఏ మినరల్‌దో పేర్లు రాసేయడం మొదలుపెడతారు. ఆగండప్పా. కింద కనిపించే టూ తీటా కోణం రాయి ఒక్కదాని గుణం కాదు, అది రాయిలోని పరమాణువుల పొరల మధ్య దూరం, మెషిన్‌లో వాడిన ఎక్స్‌రే వేవ్‌లెంగ్త్, ఈ రెండూ కలిస్తే వచ్చే నంబర్. ఎక్స్‌రేలు పుట్టించేది కాపర్ ట్యూబ్ అయితే 1.5406 ఆంగ్‌స్ట్రామ్‌లు, కోబాల్ట్ ట్యూబ్ అయితే 1.789. ఇనుము ఎక్కువున్న శాంపిల్స్‌ని కాపర్‌తో కొడితే ఇనుము ఫ్లోరెసెన్స్ ఇచ్చి బ్యాక్‌గ్రౌండ్ పైకి లేస్తుంది, అందుకే కొన్ని ల్యాబుల్లో కోబాల్ట్ పెట్టుకుంటారు. ఒరిజినల్ ఫైల్‌లో మామూలుగా ఈ సంగతి రాసుంటుంది. రెండు కాలమ్‌ల టెక్స్ట్ ఫైల్‌గా మార్చినారా, అది పోయినట్టే, సాఫ్ట్‌వేర్‌కి మీరు చెప్పిందే నిజం.

ఒక ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో చూసినాను. సున్నపురాయి శాంపిల్. 31 డిగ్రీల దగ్గర ఉన్న పీక్‌కి డోలమైట్ అనే మినరల్ పేరు, 34.3 దగ్గర ఉన్న అన్నిటికంటే పెద్ద పీక్ మీద మాత్రం ప్రశ్నార్థకం! డేటా కోబాల్ట్‌ది, లెక్క కాపర్‌తో. కాపర్‌తో అయితే డోలమైట్ మెయిన్ పీక్ 30.96 దగ్గర వస్తుంది, కోబాల్ట్‌తో అయితే క్వార్ట్జ్ మెయిన్ పీక్ 31.04 దగ్గర వస్తుంది, అంటే దాదాపు అదే చోట, వాళ్లు డోలమైట్ అన్నది నిజానికి క్వార్ట్జ్. ఆ ప్రశ్నార్థకం పెట్టిన పీక్ కాల్సైటే, సున్నపురాయిలో అసలు సరుకు. వేంపల్లె దిక్కు రాళ్లలో డోలమైట్ నిజంగానే ఎక్కువ కాబట్టి చదివినోళ్లకు కూడా అనుమానం రాలేదు. గట్టిగా చెప్తున్నా, గ్రాఫ్‌లో అన్నిటికంటే పెద్ద పీక్‌కి పేరు దొరకలేదంటే మిగతా పేర్లన్నీ కొట్టేసి మళ్లీ మొదటికి రావాల.

చెక్ చేసే పద్ధతి: పీక్ కోణాన్ని డీ విలువలోకి, అంటే ఆ పొరల దూరంలోకి మార్చి చూడండి, డీ విలువకి ట్యూబ్‌తో సంబంధం లేదు. వేవ్‌లెంగ్త్‌ని రెండు సైన్ తీటాతో భాగించడమే, ఇక్కడ తీటా అంటే గ్రాఫ్ మీది కోణంలో సగం. సగం చేయడం మర్చిపోయేవాళ్లు కొందరు, పైథాన్‌లో డిగ్రీల్ని రేడియన్లుగా మార్చకుండా వేసేవాళ్లు ఇంకొందరు. మెయిన్ పీక్ డీ విలువలు ఆంగ్‌స్ట్రామ్‌లలో ఇవి: క్వార్ట్జ్ 3.34, కాల్సైట్ 3.03, డోలమైట్ 2.89, ముగ్గురాయి అంటే బెరైట్ 3.44. ఈ నాలుగు నోటికి రావాల, మన జిల్లాల శాంపిల్స్‌కి సగం పని వీటితోనే అయిపోతుంది.

ఇది దాటితే రెండోది, పీక్‌లు రొంత పక్కకు జరగడం. హోల్డర్‌లో పొడి 0.1 మిల్లీమీటర్ ఎత్తుగా ఉన్నా చాలు, పీక్‌లు సుమారు 0.05 డిగ్రీ కుడివైపు జరుగుతాయి, లోతుగా ఉంటే ఎడమవైపు. అప్పుడు మనోళ్లు ఏం చేస్తారు, ఎక్సెల్‌లో మొత్తం కాలమ్‌కి 0.05 తగ్గించి కాల్సైట్‌ని 29.40 మీద కూర్చోబెడతారు. బట్ట సరిపోలేదని మనిషిని కత్తిరించినట్టు! కాల్సైట్‌లో కాల్షియం చోట రొంత మెగ్నీషియం చేరినా ఆ పీక్ నిజంగానే కుడివైపు జరుగుతుంది. మీరు చెరిపేసింది తప్పునా, రాయి చెప్పే సంగతినా?

అందుకే దేన్ని స్టడీ చేస్తున్నారో దాంతోనే సరిచేయొద్దు. మన సున్నపురాళ్లలో ఇసుక కొంచెమైనా ఉంటుంది, ఆ క్వార్ట్జ్‌ని చూడండి, అది వేరే మూలకాల్ని పెద్దగా లోపలికి రానివ్వదు కాబట్టి పీక్ కదలదు, కాపర్‌తో 26.64 అంటే 26.64. క్వార్ట్జ్ కూడా కాల్సైట్ అంతే జరిగి ఉంటే తప్పు పొడి నింపడంలోనో మెషిన్‌లోనో. క్వార్ట్జ్ సరిగ్గా ఉండి కాల్సైట్ ఒక్కటే జరిగి ఉంటే అది రాయిలో సంగతి, దాన్ని ముట్టుకోవద్దు. క్వార్ట్జ్ లేని శాంపిల్ అయితే రొంత సిలికాన్ పొడి కలిపి స్కాన్ చేయించండి, దాని పీక్ 28.44.

సరిచేసేది కూడా చేత్తో వద్దు. ఎత్తు వల్ల వచ్చే తప్పు కోణం పెరిగే కొద్దీ తగ్గుతుంది, మెషిన్ జీరో తప్పు అంతటా ఒకేలా ఉంటుంది, ఒకే నంబర్ తీసేస్తే ఈ రెండూ కలగాపులగం అవుతాయి. ప్రొఫెక్స్‌లో స్ట్రక్చర్లు యాడ్ చేసి రిఫైన్‌మెంట్ నడిపితే ఈపీఎస్2 అనే పారామీటర్ ఎత్తు తప్పుని లెక్కలోకి తీసుకుంటుంది, డేటా మాత్రం డేటాగానే ఉంటుంది.

గీయడం

ఇప్పుడు పేర్లు రాసుకోండి. రెండు మూడు శాంపిల్స్ ఉంటే ఒకదానిపైన ఒకటి ఎత్తు పెంచుతూ పేర్చండి, అన్నీ నల్ల గీతలే. రంగురంగులు ఎందుకప్పా, జిరాక్స్ తీస్తే అన్నీ ఒకటే. చిన్న పీక్‌లు కనపడకపోతే నిలువు స్కేల్‌ని స్క్వేర్ రూట్‌లో పెట్టండి, స్మూతింగ్ మాత్రం ముట్టుకోవద్దు, సన్న పీక్‌లు అందులోనే మాయమవుతాయి. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి నేల చదును చేయడం కూడా వద్దు, ఫ్లైయాష్‌లో గాజు ఉందని చెప్పేది ఆ బ్యాక్‌గ్రౌండ్‌లోని ఉబ్బే.

ఇంకా నీటుగా కావాలంటే టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పైథాన్ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో గీసుకోండి, ఎస్‌వీజీగా సేవ్ చేయండి, స్క్రీన్‌షాట్ తీసి వర్డ్‌లో అతికించొద్దు. కింద యాక్సిస్ మీద టూ తీటా అని ఒక్కటే రాసి వదిలేయకుండా పక్కనే ఏ ట్యూబో, వేవ్‌లెంగ్త్ ఎంతో కూడా రాయండి.