ఆటోమేటిక్ కారులో పెడల్స్ ఎలా వాడాలి?

గేర్ల కారు నుంచి ఆటోమేటిక్‌కి మారినవాళ్లకు ఇబ్బందంతా ఎడమకాలితోనే. క్లచ్ అలవాటు దానికి అంత తొందరగా పోదు. స్పీడు తగ్గగానే క్లచ్ అనుకుని బ్రేకును చివరిదాకా తొక్కేస్తుంది. బండి నడిరోడ్డు మీద టక్కున ఆగుతుంది, వెనకాల ఆటో వచ్చి గుద్దుతుంది. అందుకే ఎక్కగానే ఎడమకాలిని పక్కనున్న డెడ్ పెడల్ (కాలు ఆనించుకునే కదలని పలక) మీద పెట్టి, దిగేదాకా అక్కడే ఉంచండి. రెండు పెడల్స్‌కీ కుడికాలే.

బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు జరుపుకోండి. కుడి మడమను బ్రేకుకు ఎదురుగా నేలకు ఆనించండి. యాక్సిలరేటర్ కావాలంటే మడమ లేపకుండా పాదాన్ని కుడికి తిప్పితే చాలు. వదులు హవాయి చెప్పులు వద్దు. సీటు కింద నీళ్ల బాటిల్ ఉంటే తీసేయండి. దొర్లి బ్రేకు కిందికి చేరితే పెడల్ దిగదు.

బ్రేకు తొక్కి పట్టుకునే స్టార్ట్ చేసి, గేర్ లివర్‌ని 'పి' (పార్క్) నుంచి 'డి' (డ్రైవ్)కి మార్చండి. చాలా ఏఎంటీ కార్లలో (మామూలు గేర్‌బాక్సుకే క్లచ్, గేర్లు వాటంతటవే మారే ఏర్పాటున్నవి) 'పి' ఉండదు, 'ఎన్' (న్యూట్రల్)లో స్టార్ట్ చేయాలి. బ్రేకు మెల్లగా వదిలితే యాక్సిలరేటర్ ముట్టకుండానే బండి పాకుతుంది. పార్కింగులో ఆ పాకుడే మీ స్పీడు. గోడ ముందు యాక్సిలరేటర్ జోలికి వెళ్లకండి. సెల్లార్ ర్యాంపు మీద ఆగితే మాత్రం హ్యాండ్ బ్రేక్ వేసి, యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, బండి లాగుతోందనిపించాక హ్యాండ్ బ్రేక్ దించండి. లేదంటే ఏఎంటీ వెనక్కి జారుతుంది.

వెనక్కి తిరిగి చూసేటప్పుడు, పార్కింగ్ టికెట్ కోసం కిటికీలోంచి వంగేటప్పుడు ఒంటితో పాటు కాలూ జరుగుతుంది. బ్రేకు అనుకుని పక్కది తొక్కేది ఎక్కువగా అప్పుడే. బండి దూకుతుంది. బ్రేకు పట్టట్లేదనుకుని ఇంకా గట్టిగా తొక్కుతాం! టెన్షన్‌లో ఎవరికైనా అంతే. ఇంజన్ గర్జించిందంటే తొక్కింది బ్రేకు కాదని అర్థం. కాలు పూర్తిగా తీసి, మళ్లీ బ్రేకు మీద వేయండి. యాక్సిలరేటర్ ఇరుక్కుపోతే బ్రేకు వదలకుండా 'ఎన్'లోకి నెట్టండి. ఖాళీ మైదానంలో ఒకసారి నెమ్మదిగా వెళ్తూ 'ఎన్'కి మార్చి చూసుకోండి, చేతికి అలవాటవుతుంది.

తిరుమల ఘాట్ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. 'ఎల్' (లో గేరు) లేదా మాన్యువల్ మోడ్‌లో చిన్న గేరు వేసి, ఇంజనే బండిని నిలువరించేలా చూడండి.

ఆపాక బ్రేకు వదలకుండానే హ్యాండ్ బ్రేక్ లాగి, 'పి'లో పెట్టి, ఇంజన్ ఆపండి. కాలు తీసేది ఆ తర్వాతే.