రెండు పాత చీరలు, ఒక బొంత

హనుమకొండలో డిసెంబరు చలి దుప్పటికి ఆగదు. రగ్గు కప్పుకుంటే తెల్లవారుజాముకి చెమట పడుతుంది. ఈ రెండింటి మధ్య పనికొచ్చేది బొంతే. నాకు దాన్ని కుట్టడం నేర్పింది మా అత్తమ్మ. ఆమె కట్టినవన్నీ నారాయణపేట నూలు చీరలే. చిన్న గళ్లు, నిండైన అంచు. రోజూ కట్టగా కట్టగా మెత్తబడి, కుచ్చిళ్ల దగ్గర పీలికలవుతున్నప్పుడు ఆ చీరను ఇనప్పెట్టె అడుగున పెట్టేవారు. రెండోది దానికి తోడయిందంటే ఆ ఎండాకాలం బొంత మొదలైనట్టే.

ఒకరు కప్పుకునే బొంతకు రెండు చీరలు చాలు. లెక్క చాలా తేలిక. చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి ఆరడుగులు. వెడల్పు నాలుగు అడుగులకు కొంచెం తక్కువ. రెండు చీరలకు ఆరు ముక్కలు, ఆరు పొరలు. ఇంతకు మించి వేయకండి. వెచ్చగా ఉంటుందని నేనొకసారి తొమ్మిది పొరలు వేశాను. సూది దిగక వేళ్లు పుళ్లు పడ్డాయి. ఉతికితే మూడు రోజులు ఆరలేదు, పైగా ముక్కిన వాసన పట్టుకుంది.

ముందు గుడ్డ నూలుదో కాదో తేల్చుకోండి. అంగడిలో కాటన్ అని చెప్పి అమ్మిన చీరల్లో సగానికి సగం పాలిస్టరు కలిపి నేసినవే ఉంటాయని నా అనుమానం. ఒక పోగు లాగి, గచ్చు మీద పెట్టి అగ్గిపుల్లతో అంటించండి. నూలయితే కాగితంలా మండి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టరయితే ముడుచుకుపోయి, కరిగి, నల్లటి గట్టి పూసలా అవుతుంది. అది చెమట పీల్చదు కాబట్టి బొంతకు వద్దు. గంజి పెట్టిన చీరయితే వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు ఉతకాలి. గంజి మిగిలితే పురుగులు చేరతాయి. ఎర్ర అంచుల మీద తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటుకుంటే ఆ చీర వేరే పనికి.

ఇక అసలు సంగతి. చీర అంతటా ఒకేలా పాతబడదు. నడుముకు దోపే మొదటి మూర దాదాపు కొత్తదిలాగే ఉంటుంది. కొంగు కూడా గట్టిగానే ఉంటుంది. అరిగేది కూర్చునే చోటు, కాళ్లకు రాసుకునే కింది అంచు. “వెలుగుకు పట్టి చూడు బిడ్డా” అనేవారు అత్తమ్మ. కిటికీకి అడ్డంగా పట్టుకుంటే పలచబడిన చోట్లు జల్లెడలా కనిపిస్తాయి. ఆ ముక్కలు లోపలికి పోవాలి. చిల్లులుంటే మాటు వేయాల్సిన పనిలేదు, అటూ ఇటూ ఉన్న పొరలు మోస్తాయి. గట్టివి, అందమైనవి పైకీ కిందికీ. లోపలికి పోయే నాలుగు ముక్కలకూ అంచులు కోసేయండి. అంచు ఉంటే ఆ మేరకు లావవుతుంది, జరీ ఉంటే గుచ్చుకుంటుంది. ఆ ముక్కల పొడవు కూడా రెండు వైపులా ఒక్కో అంగుళం తగ్గించాలి.

పరచడానికి బండల నేల మంచిది. కింది ముక్కను పరిచి, చేత్తో మధ్య నుంచి అంచులకు నిమిరి, దాని మీద రెండోది. పొర పొరకూ అలాగే నిమరాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత బాగా కుట్టినా దిద్దలేరు. ఆరూ పరిచాక పొరలు జరగకుండా జానెడు దూరంలో పొడుగు టాకాలు, అంటే తర్వాత విప్పేసే వదులు కుట్లు, వేయండి. వేరే రంగు దారమైతే తర్వాత విప్పుకోవడానికి కళ్లు చించుకోనక్కర్లేదు. పై ముక్కకూ కింది ముక్కకూ పొడుగు అంచులు నేతలోనే బిగిసి ఉంటాయి కనుక అవి పీచు రావు. కోసిన రెండు చివరలను మాత్రం లోపలికి మడవాలి.

దబ్బనం వాడకండి. అది గోనెసంచులకు, పరుపులకు. పాత గుడ్డలో అది చేసిన చిల్లు పూడదు. బెజ్జం కాస్త పెద్దదైన మామూలు సూది, లావు నూలుదారం చాలు. బారెడు దారం తీసి రెండు పేటలు చేసుకోండి. అంతకంటే పొడుగైతే ముడులు పడతాయి. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే గుడ్డలో జారుతుంది. దర్జీలు వేలికి తొడుక్కునే అంగుస్తానా కొనుక్కోండి, నాలా మొండితనం చేయకండి.

మొదటి వరస పొడుగునా సరిగ్గా నడిమధ్యన. తర్వాత కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. నా మొదటి బొంతను చక్కగా అంచుల నుంచి చుట్టూ కుట్టుకుంటూ వచ్చాను. చివరికి మిగిలిన గుడ్డంతా మధ్యలో పూరీలా పొంగి కూర్చుంది. అత్తమ్మ చూసి ఏమీ అనలేదు, విప్పమని కత్తెర ఇచ్చారు. విప్పలేదు, దాన్నలాగే వాడుకున్నాం.

కుట్టు బియ్యపు గింజంత, వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ల సందు. ముప్పై వరసలు పడతాయి, అంటే 180 అడుగుల కుట్టు. సుమారు డెబ్బై సార్లు సూదిలో దారం ఎక్కించాలి. మధ్యాహ్నం గంట కూర్చుంటే రెండు వారాలు. మిషను మీద ఒక పూటలో అయిపోతుంది, నేనూ ప్రయత్నించాను. కానీ ఆ బిగుతు కుట్టుకు బొంత అట్టలా అయింది. చేతికుట్టుకు ఉండే వదులే దానికి మెత్తదనం. ఆఖరున మడిచిన చివరలను దగ్గర దగ్గరగా కుట్టి టాకాలు విప్పేయాలి.

ఉతకడం ఏడాదికి రెండుసార్లు చాలు. నానబెట్టి, కాళ్లతో తొక్కి, పిండకుండా పిట్టగోడ మీద వేయండి. పైపొర చిరిగితే మూడో చీర తొడిగి మళ్లీ కుట్టవచ్చు.

కోసేసిన అంచుల్లో జరీ లేనివి మూడు కలిపి జడలా అల్లి, చుట్టలు చుట్టి కుడితే వేడి గిన్నెల కింద కుదురు అవుతుంది. జారే గుడ్డ వద్దు, గిన్నె పక్కకు పోతుంది. లోపలి ముక్కల చివరల్లో కోసిన పీలికలు మసిగుడ్డలకు. ఇక ఉతికేముందు ఊడదీసిన ఫాల్ పట్టీలను మాత్రం ఎవరికీ ఇవ్వను. ఎండాకాలం రాగానే బొంతను చుట్టి వాటితోనే రెండుచోట్ల కట్టి అటకెక్కిస్తాను.