ఒక్కళ్ళే చెన్నైకి రెండు రోజులు పోయి రావాలంటే ఎట్టా ప్లాన్ చేసుకోవాల?

మా కావలిలో ఎవరన్నా చెన్నై పోతున్నానంటే వెంటనే "ఎవరికి బాగాలేదు?" అనో "పెళ్ళి బట్టలకా?" అనో అడుగుతారు. ఊరికే చూసొద్దామని పోవడం, అదీ ఒక్కళ్ళే పోవడం మన ఇళ్ళల్లో ఇంకా అలవాటు కాలేదు. నేను మొదటిసారి ఒక్కదాన్నే పోతానంటే మా అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, ఇప్పటికి నాలుగు సార్లు పోయొచ్చా, ఇప్పుడు పోతుంటే మల్లెపూలు తెమ్మని చెప్తుంది. నాకు తెలిసొచ్చింది ఏందంటే ఈ ట్రిప్‌ని వెనక నుంచి ప్లాన్ చేసుకోవాల, ఇంటికి ఎట్టా తిరిగొస్తామో ముందు తేల్చుకుంటే మిగతా రెండు రోజులూ భయం లేకుండా తిరగొచ్చు.

అందుకే మొదటి పని తిరుగు టికెట్. నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్ సుమారు 175 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్ బండిలో రెండున్నర మూడు గంటలు, కావలోళ్ళు ఇంకో ముప్పావు గంట, ఒంగోలోళ్ళు ఇంకో గంటన్నర పైన కలుపుకోండి. పోయేటప్పుడు ఎట్టాగో పోతాం, వచ్చేటప్పుడే అలిసిపోయి బ్యాగు బరువెక్కి ఉంటాం, ఆదివారం సాయంత్రం జనరల్ బోగీలో ఒక్కళ్ళే బ్యాగు పట్టుకొని ఎక్కడం ఆడవాళ్ళకే కాదు ఎవరికైనా కష్టమే. రిజర్వేషన్ 60 రోజుల ముందు ఓపెన్ అవుతుంది కాబట్టి తేదీ అనుకున్న రోజే చేసేయండి. ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ చార్ట్ వేశాక కూడా వెయిటింగ్ లిస్ట్‌లోనే ఉండిపోతే అది దానంతట అదే క్యాన్సిల్ అయిపోతుంది, డబ్బులు వెనక్కొస్తాయి గానీ దాంతో బండి ఎక్కకూడదు, చాలామందికి ఈ విషయం తెలీదు. తత్కాల్ అయితే బండి బయల్దేరే ముందు రోజు పొద్దున ఏసీకి 10 గంటలకి, నాన్ ఏసీకి 11 గంటలకి, దానికి మీ అకౌంట్‌కి ఆధార్ లింక్ అయి ఉండాల, అది ముందే చేసి పెట్టుకోండి, 10:59కి మొదలుపెడితే అయ్యే పని కాదు.

బండి తప్పితే ఏంది అనేది కూడా ఇంట్లో ఉండగానే రాసుకోండి. మన వైపు బస్సులకి మాధవరంలో ప్రత్యేకంగా బస్టాండ్ కట్టారు, 2018లో మొదలైంది, అక్కడికి పోతే నెల్లూరు బస్సు దొరుకుతుంది. అదీ కాదంటే సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి సబర్బన్ బండ్లు ఉంటాయి, కొన్ని సూళ్ళూరుపేట దాకా వస్తాయి, సూళ్ళూరుపేట చేరితే ఇంక మన రాష్ట్రంలోకి వచ్చేసినట్టే లెక్క. అక్కలకి ఇంకో మాట, స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం రాష్ట్రం లోపలే, చెన్నై బస్సుకి టికెట్ కొనాల్సిందే.

రెండో పని రోజులు ఎంచుకోవడం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి వాయుగుండం పట్టిందంటే వాళ్ళకీ పట్టినట్టే, రోడ్లన్నీ నీళ్ళు. మే నెలలో ఎండకి ఒక్కళ్ళే తిరగలేరు. సంక్రాంతి వారంలో బండ్లు కిటకిట. జనవరి చివర, ఫిబ్రవరి బాగుంటాయి. వారాలు కూడా చూసుకోవాల, ఎగ్మోర్ మ్యూజియంకి శుక్రవారం సెలవు, నేను మొదటిసారి శుక్రవారమే దిగి మూసిన గేటు ముందు నిలబడ్డా. గుళ్ళు మధ్యాహ్నం మూసేసి నాలుగింటికి తీస్తారు.

మూడో పని రూము, ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. స్టేషన్‌కి దగ్గరగా ఉండాలంటే పెరియమేడు గానీ ఎగ్మోర్ కెన్నెట్ లేన్ గానీ, షాపింగ్ ఎక్కువ అనుకుంటే టి.నగర్. నేను యాప్‌లో బుక్ చేసుకొని డబ్బులు కట్టి ఒక లాడ్జికి పోతే కౌంటర్‌లో ఉన్నాయన నా ఆధార్ చూసి, నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని చూసి, "సింగిల్‌గా వచ్చిన లేడీస్‌కి ఇవ్వంమా" అన్నాడు. అప్పటికి రాత్రి ఎనిమిదిన్నర, నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ పక్క వీధిలో ఇంకో దాంట్లో రూము దొరికింది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి బుక్ చేసే ముందే లాడ్జికి ఫోన్ చేసి "నేను ఒక్కదాన్నే వస్తున్నా, వేరే రాష్ట్రం ఆధార్, ఇస్తారా?" అని అడిగి, ఇస్తామంటే అదే మాట వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకుంటా. మగపిల్లల్ని కూడా కొన్ని చోట్ల ఇట్టాగే అంటారు, మీరూ అడగండి. ఇంకోటి, రూముకి చీకటి పడకముందే చేరేట్టు చూసుకోండి, ఏదన్నా తేడా వస్తే వేరేది వెతుక్కోవడానికి టైం ఉంటుంది.

నాలుగో పని ఏమేం చూడాలో రాసుకోవడం, పూటకి ఒక వైపే. చెన్నైలో ఈ మూల నుంచి ఆ మూలకి పోతే సగం రోజు రోడ్డు మీదే అయిపోతుంది. నేనైతే ఇట్టా చేస్తా. పొద్దున్నే దిగి బ్యాగు సెంట్రల్ క్లోక్ రూంలో పెట్టేస్తా, బ్యాగుకి తాళం లేకపోతే తీసుకోరు కాబట్టి చిన్న తాళం ఇంటి దగ్గరే వేసుకోండి. అక్కడ కిందే మెట్రో ఉంది, గ్రీన్ లైన్‌లో ఒక్క స్టేషనే ఎగ్మోర్, అక్కడ దిగి ఆటోలో గానీ నడిచి గానీ మ్యూజియం. 1851లో పెట్టిన మ్యూజియం అది, లోపల మన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నాయి, పల్నాడు సున్నపురాయి మీద ఎవరో మనవాళ్ళే అంత సన్నగా చెక్కారు, పూర్ణకుంభం కడుపు మీద ఆ మెలికలు, జనం గుంపులో ఒక్కో ముఖం ఒక్కో తీరు. పక్కన ఎవరూ లేరు కాబట్టి "ఇంక పోదాం రా" అనేవాళ్ళు ఉండరు, ఒక్కళ్ళే పోవడంలో ఉన్న సుఖం నాకు మొదట అక్కడే తెలిసింది, ఒక్క రాయి ముందే అరగంట నిలబడ్డా.

మధ్యాహ్నం భోజనం చేసి రూములో కాసేపు పడుకొని సాయంత్రం మైలాపూర్. సెంట్రల్ ఎదురుగా పార్క్ టౌన్ స్టేషన్‌లో వేళచ్చేరి పోయే లోకల్ ఎక్కితే తిరుమయిలై దగ్గర దిగొచ్చు. కపాలీశ్వరుడి గుడికి అందరూ పోతారు, మన జిల్లాల వాళ్ళు తప్పకుండా చూడాల్సింది ఇంకోటి ఉంది, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం. ఆయన 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి 58వ రోజు, డిసెంబర్ 15న ప్రాణం వదిలింది ఆ చోటే. ఆయన పూర్వీకులది మన కనిగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నాం, రోజూ కాగితాల మీద రాస్తాం, మరి ఆ చోటు చూసినవాళ్ళు మా వీధిలో నాకు తెలిసి ఒక్కరూ లేరు. గుడి చూసి వచ్చేటప్పటికి ఆలస్యమైతే తలుపులు వేసి ఉండొచ్చు, అందుకే ముందు అక్కడికి పోయి తర్వాత గుడికి రండి.

రెండో రోజు తెల్లారుజామున మెరీనా, నీళ్ళలో మాత్రం దిగొద్దు, అక్కడ అలల లోపలి లాగుడు ఎక్కువ, చూసేవాళ్ళు కూడా పక్కన ఉండరు. తర్వాత టి.నగర్‌లో కొనాల్సినవి, అంతే, ఇంక ఏమీ పెట్టుకోవద్దు.

భాష గురించి భయపడొద్దు. "ఎంగే" అంటే ఎక్కడ, "ఎవ్వళవు" అంటే ఎంత, "తెలుగు తెరియుమా" అంటే తెలుగు వచ్చా, ఈ మూడు చాలు. నేను గుడి కోనేటి గట్టున కూర్చొని అమ్మతో ఫోన్ మాట్లాడుతుంటే పూలమ్మే ఆవిడ మూర కొలుస్తా కొలుస్తా ఆగి "యే ఊరు పాపా మీది?" అంది. సూళ్ళూరుపేట ఆడపడుచంట, పెళ్ళై ముప్పై ఏళ్ళ కింద ఇక్కడికొచ్చిందంట. మూర పూలకి డబ్బులు తీసుకొని ఇంకో జానెడు ఎక్కువే కట్టింది.

డబ్బులు ఒక చోట పెట్టుకోవద్దు, ఫోన్ కవర్ వెనక ఒక 500, బ్యాగు అడుగున ఒక 1000, ఫోన్‌పే పని చేయని రోజు ఉంటుంది. ఆటో యాప్‌లో బుక్ చేసి నంబర్ ఇంటికి పంపండి. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు. ఆడవాళ్ళకి అక్కడి సిటీ ఆర్డినరీ బస్సుల్లో టికెట్ లేదు, ముందు గులాబీ రంగు వేసి ఉంటుంది చూసి ఎక్కండి. రైల్లో ఇబ్బంది అయితే 139, ఎక్కడైనా అత్యవసరమైతే 112.

తిరుగు రోజు బండి టైంకి గంట ముందే సెంట్రల్‌లో ఉండండి, క్లోక్ రూం దగ్గర క్యూ ఉంటుంది, పైగా సబర్బన్ స్టేషన్ వేరే, మెయిన్ స్టేషన్ వేరే, కొత్తవాళ్ళు ఒక దాంట్లోకి పోబోయి ఇంకో దాంట్లోకి పోతారు. సీట్లో కూర్చున్నాక ఇంటికి ఒక మెసేజ్ పెట్టండి, గూడూరు దాటాక ఫోన్ చేసి అన్నం వండమని చెప్పండి.