పాత బుల్లెట్ కరెంటు పాఠాలు – 5: రిలే వేశాక ఎర్త్ సంగతి

పోయిన పాఠంలో 12 వోల్టుల కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి 60/55 వాట్ల (హై బీమ్‌కి 60, డిప్‌కి 55) హెచ్4 రకం హెడ్‌లైట్ బల్బు, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు) బిగించాం. ఈసారి ఛార్జింగ్ చెప్పుకోవాల్సింది. లైటు ఇంకా సరిగా రావడం లేదన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఛార్జింగ్‌ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

చిన్నవి ముందు తేల్చేద్దాం. స్విచ్ ఆపినా లైటు ఆరడం లేదా? మీరు కొన్నది ఐదు కాళ్ల రిలే. వైరు మధ్యలో ఉన్న 87ఏకి (రిలే పనిచేయనప్పుడు కలిసి ఉండే కాలు) తగిలించారు, 87కి (రిలే పనిచేస్తేనే కలిసే కాలు) మార్చండి. రిలే టకటకా కొట్టుకుంటుంటే 85 కాలు (రిలే కాయిల్‌ది) ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి, వదులైనా అయ్యుండాలి, బ్యాటరీ అయినా దిగిపోయి ఉండాలి. 6 వోల్టుల జావాకి ఇదే రిలే పెట్టినవాళ్లు దాన్ని తీసేయండి, అది ఆ వోల్టేజీకి పట్టదు.

ఇక మిగిలిన ఫిర్యాదులు. హ్యాండిల్ తిప్పితే లైటు మినుకుమంటోంది. హారన్ కొడితే డల్లవుతోంది. డిప్ వేస్తే హై బీమ్ ఇండికేటర్ సన్నగా వెలుగుతోంది. వీటన్నిటికీ ముందుగా అనుమానించాల్సింది ఎర్త్‌నే.

60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది. వెళ్లిన 5 ఆంపియర్లూ బ్యాటరీ మైనస్‌కి తిరిగి రావాలి. పాత వైరింగ్‌లో అది హెడ్‌లైట్ డూమ్ రేకు మీదుగా ఫోర్కుకి, అక్కణ్ణుంచి గ్రీజు పట్టిన స్టీరింగ్ గుండ్ల గుండా ఛాసీకి చేరుతుంది. ఛాసీకి పౌడర్ కోటింగ్ కొట్టించి ఉంటే ఆ దారి కూడా సగం మూసుకుపోయినట్టే.

"మీటర్‌తో చూశాం, బీప్ వచ్చింది, ఎర్త్ బాగానే ఉంది" అంటున్నారు. దయచేసి బీప్‌ని నమ్మకండి. బీప్ కొట్టడానికి మీటర్ పంపేది మిల్లీఆంపియర్లే. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా బీప్ వస్తుంది. పది ఓములున్నా చాలా మీటర్లు బీప్ కొడతాయి. మనకు చేటు చేసేది అందులో యాభయ్యో వంతు, అంటే 0.2 ఓము. 5 ఆంపియర్లు పారితే అక్కడే 1 వోల్టు పోతుంది, ఆ జాయింటు 5 వాట్ల వేడి పుట్టిస్తుంది. హోల్డర్ ప్లాస్టిక్ కరిగేది ఇందుకే. ఓమ్స్‌లో పెట్టి కొలుద్దామన్నా కుదరదు, చవక మీటర్ల ప్రోబ్ వైర్లకే అంత రెసిస్టెన్స్ ఉంటుంది. పైగా బల్బు వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు. 12 వోల్టుల చోట 10.5 అందితే మిగిలే వెలుగు మూడింట రెండు వంతులకన్నా తక్కువ.

లోడు మీద, అంటే బల్బు కరెంటు లాగుతుండగా, కొలవడమొక్కటే దారి. మీటర్‌ని డీసీ 20 వోల్టుల్లో పెట్టండి. ఇంజను నడుస్తూ, హై బీమ్ వెలుగుతూ ఉండాలి. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్టు మీద పెట్టండి, లగ్గు (వైరు చివర బోల్టుకి బిగించే రేకు ముక్క) మీద కాదు. ఎర్ర ప్రోబ్ హోల్డర్ వెనక ఎర్త్ క్లిప్పుకి ఆనించండి. 0.2 లోపు చూపిస్తే మంచిది. అర వోల్టు దాటిందంటే ఆ దారి పనికిరాదు.

హోల్డర్ ఎర్త్ నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు లాగండి. హ్యాండిల్ రెండు పక్కలా లాకయ్యేదాకా తిరిగినా బిగుసుకోనంత వదులు మెడ దగ్గర ఉంచండి. లగ్గులు క్రింపింగ్ టూల్‌తోనే నొక్కండి, కటింగ్ ప్లేయర్‌తో వద్దు. టంకం నాకు నచ్చదు. టంకం పాకినంత మేరా వైరు బిర్రబిగుస్తుంది, బుల్లెట్ అదురుకి సరిగ్గా ఆ అంచునే తెగుతుంది.

మైపాడు, కొత్తపట్నం, రామాయపట్నం వైపు బండ్లకి ఇంకో జాగ్రత్త. ఉప్పుగాలికి చిలుము లగ్గు దగ్గర ఆగదు, స్లీవ్ లోపలికి పాకుతుంది. ఒక అంగుళం ఒలిచి చూడండి. రాగి నల్లగా, గోటితో గీరితే పొడి రాలుతూ ఉంటే, ఎర్రగా మెరిసే రాగి కనబడేదాకా వెనక్కి కోసుకుంటూ పోండి. పొడవు చాలకపోతే వైరే మార్చండి, అతుకు వేయకండి. బోల్టు బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. రిలేల కాళ్లు కిందికి ఉండాలి, లేకపోతే అక్టోబరు వానలకి నీళ్లు లోపల నిలుస్తాయి.

100/90 బల్బు వేద్దామా అంటే వద్దు. 8 ఆంపియర్లు దాటుతుంది, హోల్డరూ తట్టుకోదు, ఆల్టర్నేటరూ తట్టుకోదు. ఎల్ఈడీ కూడా నా ఓటు కాదు. ఆ రిఫ్లెక్టర్ ఫిలమెంట్ కోసం చేసింది, ఎన్‌హెచ్ 16 మీద ఎదురొచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి.

అభ్యాసం: హెడ్‌లైట్, టెయిల్ లైట్, హారన్, రెండు రిలేల 85 కాళ్లు, ఈ ఐదు ఎర్త్‌లనూ ఒక్కొక్కటి పనిచేస్తుండగా పై పద్ధతిలో కొలవండి. హ్యాండిల్ ఎడమకి, నేరుగా, కుడికి తిప్పి మూడుసార్లు చూడాలి. చల్లటి ఇంజను మీద ఒకసారి, పది కిలోమీటర్లు తిప్పి వచ్చాక మరోసారి. మొత్తం 30 రీడింగులూ కాగితం మీద రాసుకోండి. చివరగా హై బీమ్‌లో, ఇంజను కాస్త రేజ్ చేసి, బ్యాటరీ రెండు పోస్టుల మధ్య వోల్టేజీ కూడా రాయండి. అది 12.6 దాటకపోతే ఛార్జింగ్ చాలడం లేదన్నమాట, వచ్చే పాఠం దాకా 35/35 వాట్ల బల్బుతోనే నడపండి.